పడుగుకు పెట్టిన గంజి

వీధి పొడవునా పడుగు చాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వడం చేనేత ఊళ్లలో తెల్లవారుజామున మొదలయ్యే పని. ఎండ ముదిరితే గంజి తొందరగా ఆరి పోగులు అతుక్కుపోతాయి. అందుకే ఇంటిల్లిపాదీ చెయ్యి వేస్తారు. మగ్గం మీద పడుగు పోగు అచ్చు పళ్లకు మాటిమాటికీ రాసుకుంటుంది. గంజి పొర లేకపోతే నూగు రేగి తెగుతుంది. చీర అందాన్ని వర్ణించినవాళ్లు ఎందరో ఉన్నారు గానీ, దాన్ని నేయనిచ్చిన ఈ పిండిపదార్థానికి దక్కాల్సిన పేరు దక్కలేదు.

మరమగ్గం కూడా మొదట గంజి దగ్గరే ఆగిపోయింది.

ఎడ్మండ్ కార్ట్‌రైట్ 1785లో ఇంగ్లండ్‌లో మరమగ్గానికి పేటెంట్ పొందాడు. అయితే పడుగు విప్పుకుంటున్నకొద్దీ కాస్త కాస్తగా గంజి రాయాలి, అందుకోసం మగ్గాన్ని ఆపాలి. ఆ పనికే మగ్గానికొక మనిషి. అలాంటప్పుడు యంత్రం వల్ల మిగిలేదేముంది? స్టాక్‌పోర్ట్‌లో విలియం రాడ్‌క్లిఫ్, అతని దగ్గర పనిచేసిన థామస్ జాన్సన్ కలిసి చిక్కు విప్పారు. 1803, 1804లలో పేటెంట్ పొందిన వాళ్ల యంత్రం, పడుగు మగ్గమెక్కకముందే దానికి గంజి పట్టించి ఆరబెట్టేసింది. మన వీధుల్లో చేతులతో సాగే క్రమమూ ఇదే. మరమగ్గం గెలుపులో ఈ యంత్రానికి ఆవిరితో సమానమైన వాటా ఇవ్వాలి.

తర్వాత గంజి మోసానికీ పనికొచ్చింది. 1860లలో అమెరికా అంతర్యుద్ధంతో పత్తి కరువైనప్పుడు లాంకషైర్ మిల్లులు పిండిలో తెల్ల బంకమన్ను కలిపి గుడ్డ బరువు పెంచాయి. ఉతికితే ఆ బరువు నీళ్లలో కలిసిపోయేది. పిండికి బూజు పట్టకుండా జింక్ క్లోరైడ్ కూడా కలిపేవారు.

నేత ముగిశాక గంజి పోవాలి, లేకపోతే రంగు సరిగా పట్టదు. పెడన కలంకారీ పనివాళ్లు అద్దకానికి ముందు గుడ్డను నీళ్లలో నానబెట్టి ఉతుకుతారు. మిల్లులు పిండిని విరగ్గొట్టే ఎంజైములను ఆశ్రయించాయి. 1917లో బ్వాదాఁ, ఎఫ్రాఁ అనే శాస్త్రవేత్తలు బాక్టీరియా నుంచి అలాంటి ఎంజైము తీసే పద్ధతి కనిపెట్టారు.

కడిగిన గంజిని సూక్ష్మజీవులు ఇష్టంగా తింటాయి. మట్టిలో అది మంచిదే. వాగులో మాత్రం అవే జీవులు నీటిలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటాయి, చేపలకు ఊపిరాడదు. ఇరవయ్యో శతాబ్దంలో పిండి గంజికి బదులుగా వచ్చిన పాలీవినైల్ ఆల్కహాల్ అంత తేలిగ్గా కుళ్లదు గానీ, కడిగిన నీటి నుంచి దాన్ని వడగట్టి మళ్లీ పడుగుకు వాడుకోవచ్చు. ఎంజైముతో ముక్కలైన పిండికి ఆ వీలు లేదు.