క్షామకాలపు కలకత్తా: వెండితెర, వీధి

1943లో విడుదలైన బొంబాయి టాకీస్ వారి ‘కిస్మత్’ చిత్రం కలకత్తాలోని రాక్సీ థియేటరులో మూడేళ్లకు పైగా నిరంతరాయంగా ప్రదర్శితమైంది. జ్ఞాన్ ముఖర్జీ దర్శకత్వంలో అశోక్ కుమార్ జేబుదొంగగా నటించిన ఆ చిత్రపు ఘనవిజయాన్ని స్మరించేవారు, అదే సంవత్సరం అదే నగరపు కాలిబాటలపై ప్రతిధ్వనించిన మరొక స్వరాన్ని అంతగా స్మరించరు. ‘ఫ్యాన్ దావ్’ అన్నది ఆ కేక. అంటే ‘గంజి పొయ్యండి’ అని. పల్లెల నుండి తరలివచ్చిన ఆ అన్నార్తులు అన్నం అడగలేదు. అన్నం వార్చి పారబోసే నీటిని అడిగారు.

వంగదేశ క్షామ కారణాలు సుప్రసిద్ధములే. 1942లో బర్మా జపానీయుల వశమై బియ్యపు దిగుమతి నిలిచిపోయింది. శత్రువుకు దక్కరాదని తీరప్రాంతాలలో పడవలను, ధాన్యాన్ని ప్రభుత్వమే తొలగించింది. అక్టోబరు 16న తుఫాను మిడ్నపూర్‌ను ముంచెత్తింది. యుద్ధవ్యయంతో ధరలు మిన్నంటాయి. మృతులు సుమారు 15 లక్షలని 1945 నాటి విచారణ సంఘం అంచనా వేయగా, తదనంతర పరిశోధకులలో పలువురు ఆ సంఖ్యను 30 లక్షల వరకు తీసుకుపోయారు.

మరి నగరం వినోదంలో మునిగి ఎట్లా ఉండగలిగింది? కలకత్తా ప్రేక్షకుని పాషాణహృదయునిగా చిత్రించడం సులభమే గాని న్యాయం కాదు. యుద్ధోత్పత్తికి అవసరమైన కర్మాగారాల కార్మికులకు, రైల్వే, ఓడరేవు, ప్రభుత్వోద్యోగులకు నియంత్రిత ధరలకు ఆహారం అందే ఏర్పాటు జరిగింది. మరణించినవారు ప్రధానంగా గ్రామీణ వ్యవసాయ కూలీలు, జాలరులు, చేతివృత్తులవారు. టిక్కెట్టు కొన్న చేయి, గంజికై చాచిన చేయి ఒకే వీధిలో ఉన్నా, వాటి వెనుక ఉన్నవి రెండు వేర్వేరు ఆర్థిక వ్యవస్థలు. కరుణ మొద్దుబారడానికి ముందే దానికి అవసరమైన దూరాన్ని పాలనా యంత్రాంగం కల్పించింది. వినోదం ఆ దూరాన్ని సుఖప్రదం చేసింది.

భాష కూడా తన వంతు పని చేసింది. క్షామ నియమావళి ప్రకారం క్షామాన్ని ప్రభుత్వం ప్రకటించనే లేదు. దస్త్రాలలో ఆ ప్రజలు ‘నిరాశ్రయులు’గా నమోదైనారు. 1943 చివరి నెలలలో ఒక ఆర్డినెన్సు ద్వారా వారిని నగరం నుండి తరలించనారంభించారు. దస్త్రాలతో సహవాసమున్నవారికి ఇటువంటి పదాల శక్తి తెలియనిది కాదు. ఒక్క మాట మార్చితే ఒక బాధ్యత తీరిపోతుంది.

ఆ మౌనాన్ని భేదించినదీ ప్రజామాధ్యమమే కావడం గమనార్హం. 1943 ఆగస్టు 22న ‘స్టేట్స్‌మన్’ సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ వీధులలోని అన్నార్తుల ఛాయాచిత్రాలను ప్రచురించి ఢిల్లీని, లండన్‌ను కదిలించాడు. చిత్తప్రసాద్ మిడ్నపూర్ జిల్లాలో తిరిగి గీసిన రేఖాచిత్రాల పుస్తకం ‘హంగ్రీ బెంగాల్’ ప్రతులను ప్రభుత్వం స్వాధీనం చేసుకొని ధ్వంసం చేసింది. జైనుల్ అబెదిన్ చవక కాగితంపై నల్లసిరాతో గీసిన బొమ్మలు మిగిలాయి. 1944లో బిజన్ భట్టాచార్య ‘నవాన్న’ నాటకం కలకత్తా రంగస్థలంపైకి రైతు ఆకలిని తెచ్చింది. మన ప్రాంతంలో షేక్ నాజర్ బెంగాలు కరువును బుర్రకథగా చెప్పాడు. వినోదానికి అలవాటుపడిన కళారూపమే ఇక్కడ విషాదవాహిక అయింది. కనుక జనరంజక కళ అంతా మత్తుమందు అనే తీర్పు చెల్లదు.

అయితే బాధను చూపే కళకూ ఒక ప్రమాదం ఉంది. దానిని మృణాల్ సేన్ ‘అకాలేర్ సంధానే’ (1980) చిత్రం నిర్దాక్షిణ్యంగా పరిశీలించింది. 1943 క్షామంపై చిత్రం తీయడానికి ఒక బృందం పల్లెకు వస్తుంది. తీరిక వేళ క్షామ ఛాయాచిత్రాలు చూపి, అవి ఏ సంవత్సరానివో ఊహించమని వారిలో వారు ఆటాడుకుంటారు. ఎముకల గూళ్లన్నీ ఒకే విధంగా ఉండడం వల్లనే ఆ ఆట సాధ్యమవుతుంది. బృందం తన భోజనాలకై సంతలో ఉన్న సరుకంతా కొనడంతో ధరలు పెరుగుతాయి. కరువు తీయడానికి వచ్చినవారు కరువు తెచ్చారని గ్రామస్థులు గొణుగుతారు. చివరకు మిగిలిన భాగాన్ని స్టూడియోలో పూర్తి చేద్దామని బృందం కలకత్తాకు తిరిగిపోతుంది. వారికి పనిచేసిపెట్టిన పేదరాలు దుర్గ ఆ పల్లెలోనే ఉండిపోతుంది.