మధుమేహ చికిత్సలో సమన్వయకర్త: సాఫ్ట్‌వేర్ వాదంపై ఒక అభ్యంతరం

మధుమేహ సేవల నాణ్యత మీద వచ్చే వ్యాసాలు ఎక్కడ మొదలైనా చివరికి రోగి అశ్రద్ధ దగ్గరే తేలుతాయి. మందులు మానేశాడు, పరీక్షకు రాలేదు, పథ్యం చేయలేదు. గోదావరి డెల్టా గ్రామాల్లో క్షేత్రపర్యటనలో నేను చూసింది వేరు. షుగర్ రోగుల ఇళ్ళలో క్యారీబ్యాగుల నిండా చీటీలున్నాయి. 104 బండి దగ్గర రాసిచ్చినవి, ఆర్‌ఎంపీ రాసినవి, ఏరియా ఆసుపత్రివి, పట్నంలో ప్రైవేటు డాక్టరువి. ఒకరు రాసిన చీటీని ఇంకొకరు చూసిన జాడ లేదు. ఒకే గ్లిమెపిరైడ్ బిళ్ళ రెండు కంపెనీల పేర్లతో రెండు చోట్ల నుంచి ఒకే మనిషికి అందుతోంది. చీటీలన్నీ భద్రంగా దాచుకున్న మనిషిని అశ్రద్ధపరుడనడం అన్యాయం.

పూర్వ పరిశోధనల్లో ముందు చెప్పుకోవలసింది కార్స్ ట్రయల్. నా పేచీ కూడా దానితోనే. భారత్, పాకిస్తాన్‌లలోని 10 మధుమేహ క్లినిక్కుల్లో, షుగర్‌తో పాటు బీపీయో కొలెస్ట్రాలో అదుపు తప్పిన 1,146 మందితో జరిపిన ఈ అధ్యయనం 2016లో అచ్చయింది. సగంమందికి మామూలు వైద్యం. మిగతా సగానికి డాక్టరు కాని ఒక సమన్వయకర్తనూ, ఏ మందు ఎప్పుడు పెంచాలో డాక్టరుకు సూచించే కంప్యూటర్ రికార్డునూ జోడించారు. మూడు నెలల షుగర్ సగటు చూపే హెచ్‌బీఏ1సీ 7 శాతం లోపుకు రావాలి, దాంతోపాటు బీపీ, ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్‌లలో ఒకటైనా అదుపులోకి రావాలి: ఇదీ లక్ష్యం. మామూలు వైద్యంలో 8.1 శాతం మంది, కొత్త పద్ధతిలో 18.2 శాతం మంది దాన్ని అందుకున్నారు. రెట్టింపు దాటిన మాట నిజమే. నూటికి ఎనభైమందికి పైగా ఇంకా ఇవతలి గట్టునే ఉన్నారన్నదీ నిజమే.

పేచీ ఎక్కడంటే, మనిషినీ యంత్రాన్నీ ఒకే మూటగా కట్టి ఫలితం లెక్కగట్టారు. ఆ రెట్టింపులో ఎవరి వాటా ఎంతో ఆ అధ్యయనం తేల్చలేదు. దాన్ని ఉదాహరించిన వాళ్ళు మాత్రం యంత్రాన్ని భుజానికెత్తుకుని మనిషిని మరిచిపోయారు. మన పశ్చిమ గోదావరిలోనే 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో, గుండెజబ్బు ముప్పు ఎక్కువున్న వారి కోసం ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్లు ఇచ్చిన స్మార్ట్‌హెల్త్ ప్రయోగాన్నే చూడండి. వెంటబడి చూసుకోవడం మెరుగైంది, బీపీ అదుపులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. హర్యానా, కర్ణాటకల్లో 40 సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఇలాంటి సాఫ్ట్‌వేర్‌తోనే నడిచిన ఎంవెల్‌కేర్ ప్రయోగం ఫలితాలు 2019లో వచ్చాయి. ఏడాది తిరిగాక రెండు వర్గాల మధ్య బీపీలోగానీ హెచ్‌బీఏ1సీలోగానీ తేడా తేలలేదు. మూడింటినీ పక్కపక్కన పెడితే కార్స్‌లో పనిచేసింది సమన్వయకర్తే కావచ్చునని అనిపిస్తుంది. తనకు అప్పగించిన రోగులను రెండు రాకపోకల మధ్య కనిపెట్టుకుని ఉండటమే ఆ ఉద్యోగం. ఆశాకు గర్భిణులున్నారు, టీకాలున్నాయి, సర్వేలున్నాయి, వాటి మధ్యలో షుగర్. ఎంవెల్‌కేర్‌లోనూ నర్సు ఉందనీ, కార్స్ రోగులు మధుమేహ క్లినిక్కులకు వచ్చేవారనీ అనవచ్చు. అందుకే దీన్ని రుజువుగా కాక, పరీక్షించి చూడవలసిన అనుమానంగానే చెబుతున్నాను.

మన దగ్గర ఆ సమన్వయకర్త ఉద్యోగం ఎవరిదీ కాదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆసుపత్రిలో చేరినవాళ్ళ కోసం రూపుదిద్దుకున్న పథకం. నెలనెలా మింగే బిళ్ళలు దాని లెక్కలోకి రావు. పుండు ముదిరి ఆపరేషన్ దాకా వెళ్తేనే రోగి దాని కంటబడతాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ పద్ధతిలో 104 బండితో పాటు డాక్టరే ఊళ్ళోకి రావడం మంచి మార్పు. కానీ పట్నం ల్యాబులో చేయించుకున్న మూడు నెలల షుగర్ పరీక్ష ఫలితాన్ని ఆ డాక్టరు ముందుంచే బాధ్యత ఇప్పటికీ రోగి క్యారీబ్యాగుదే. ప్రభుత్వ వైద్యులు, ప్రైవేటు వైద్యులు, ల్యాబులు, చివరికి ఆర్‌ఎంపీలు సైతం (ముఖం చిట్లించే వాళ్ళుంటారని తెలుసు, కానీ రోగి మొదట తొక్కే గుమ్మం వాళ్ళదే) ఒకే పుస్తకంలో రాసి తీరాలి. ఆ పుస్తకాన్ని నడిపే మనిషి మండలానికొకరు ఉండాలి. అది జరిగితే కాళ్ళు తీసేసే ఆపరేషన్లు తగ్గవచ్చు, డయాలసిస్ కేంద్రాల దగ్గర వరసలూ తగ్గవచ్చు. జీతం ఎక్కడి నుంచి తేవాలని అడిగితే, నా సమాధానం ఆరోగ్యశ్రీ నిధి. ఆ ఆపరేషన్ల బిల్లులు కడుతున్నది అదే కనుక.