ముందే కట్టే బిల్లు
ప్రీపెయిడ్ మంచిదా, పోస్ట్‌పెయిడ్ మంచిదా అని ఇవాళ ఎవరైనా అడిగితే రెండు ప్యాకుల రేట్లు పక్కపక్కన పెట్టి లెక్క చెప్పేస్తాం. పాతికేళ్ళ కిందట ఈ ప్రశ్న తేల్చేది రేట్లు కావు, కంపెనీ మనల్ని నమ్ముతుందా లేదా అన్న సంగతి. పోస్ట్‌పెయిడ్ అంటే అప్పు. నెలంతా మాట్లాడుకోనిచ్చి ఆ తరువాత బిల్లు పంపాలంటే మనిషికి నిలకడైన చిరునామా ఉండాలి, నెలనెలా చేతికొచ్చే డబ్బు ఉండాలి, పైగా కొంత డిపాజిట్ ముట్టాలి. పచారీ కొట్టులో ఖాతా రాయించుకోవాలంటే షావుకారుకి ముఖపరిచయం ఉండాలి కదా, అలాగే. ఉదాహరణకి, నర్సీపట్నం నుంచి కొయ్యూరు వైపు వెళ్ళే దారిలో, మన్యం కొండల మొదట్లో ఉంది కృష్ణదేవిపేట. ఇలాంటి ఊళ్ళో పంట అమ్మినప్పుడో, కూలి ముట్టినప్పుడో తప్ప డబ్బు కళ్ళచూడని మనిషికి ఏ ఫోన్ కంపెనీ అప్పు పెడుతుంది? అప్పు పుట్టని వాళ్ళ కోసం పుట్టింది ప్రీపెయిడ్. కంపెనీ నమ్మకపోవడమే వాళ్ళకి స్వేచ్ఛగా కలిసొచ్చింది కూడా. ఆ స్వేచ్ఛ ఎలా వచ్చిందో, పేరు అలాగే ఉండగా లోపలి సరుకు ఎలా మారిపోయిందో తెలిస్తే తప్ప ఇవాళ్టి రేట్ల పట్టిక అర్థం కాదు.

మొదట్లో ఫోనంటే పోస్ట్‌పెయిడే. ఇంట్లో ల్యాండ్‌లైన్ ఉంటే ఎక్స్ఛేంజిలో మీటరు తిరిగేది, ఆనక అద్దెతో కలిపి బిల్లు వచ్చేది. ఇంట్లో ఫోను లేనివాడికి పసుపు బోర్డు ఎస్టీడీ బూత్ దిక్కు. అక్కడ ఎర్రటి అంకెలు పరిగెడుతుంటే గుండె దడదడలాడుతున్నా మాట్లాడినంతే కట్టి బయటపడేవాడు. 1995 జూలై 31న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌కి దేశంలోని తొలి సెల్‌ఫోన్ కాల్ చేసినప్పుడు ఆ సెల్‌ఫోనూ ల్యాండ్‌లైన్ దారినే పట్టింది. నిమిషానికి 8 రూపాయల 40 పైసలు, రద్దీ వేళల్లో దానికి రెట్టింపు. చేసిన కాల్‌కే కాదు, వచ్చిన కాల్‌కీ కట్టాలి. అదే ఏడాది పోర్చుగల్‌లో టీఎంఎన్ అనే కంపెనీ ‘మిమో’ పేరుతో బిల్లు లేని ఫోను మొదలుపెట్టింది. ముందే డబ్బు వేసుకుని వాడుకునే సెల్ సేవల్లో ప్రపంచంలో తొలిదిగా దానికి పేరుంది. వినడానికి సులువుగా ఉన్నా లోపలి పని పెద్దది. పోస్ట్‌పెయిడ్‌లో ఎవరు ఎవరికి ఎంతసేపు మాట్లాడారో రికార్డు రాసి పెట్టుకుంటే చాలు, లెక్క తీరిగ్గా కట్టుకోవచ్చు. ప్రీపెయిడ్‌లో మాత్రం కాల్ కలిపే ముందే కంప్యూటరు మన బ్యాలెన్స్ చూడాలి, మాట సాగుతుండగానే కోసుకుంటూ పోవాలి, సున్నా అయిన క్షణంలో లైను తెంచాలి. ఈ యంత్రాంగం వచ్చాకే పూచీకత్తుతో, డిపాజిట్‌తో పనిలేకుండా సిమ్ అమ్మడం కంపెనీకి వీలైంది.

ఇక మన దగ్గరికి వస్తే, ఆంధ్రప్రదేశ్ టెలికాం సర్కిల్లో మొదట సెల్ లైసెన్సు దక్కింది టాటా సెల్యులార్‌కీ, జేటీ మొబైల్స్‌కీ. చేతులు మారి మొదటిది ఐడియాలో, రెండోది ఎయిర్‌టెల్‌లో కలిసిపోయాయి. (రాష్ట్రం విడిపోయి పదేళ్ళు దాటినా ఫోన్ల లెక్కలో మాత్రం ఆంధ్ర, తెలంగాణ ఇప్పటికీ ఒకటే సర్కిల్.) పేదవాడికి సెల్‌ఫోన్ నిజంగా అందింది 2003 మేలో. అప్పటి నుంచి ఇన్‌కమింగ్ ఉచితం, కాల్ చేసినవాడిదే ఖర్చు అన్న పద్ధతి వచ్చింది. దీని వెనక జనానికి కనపడని ఏర్పాటు ఒకటుంది. ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి కాల్ వెళితే, చేసినవాడి కంపెనీ అందుకున్నవాడి కంపెనీకి నిమిషానికి ఇంతని కట్టాలి. చాలాకాలం అది 30 పైసలు, 2009లో 20, 2015లో 14. అంటే బ్యాలెన్స్ అయిపోయి కేవలం కాల్స్ ఎత్తుతూ కూర్చున్న మనిషి కూడా తన కంపెనీకి నాలుగు పైసలు తెచ్చిపెడుతూనే ఉన్నాడు. అతని సిమ్‌ని బతకనివ్వడం కంపెనీకి లాభం. అందుకే 2005 చివర్లో 999 రూపాయలకు ‘లైఫ్‌టైమ్’ వ్యాలిడిటీ అమ్మగలిగారు. అందుకే పది రూపాయల టాపప్‌లు వీధి కొట్లలోకి వచ్చాయి. అందుకే మిస్డ్ కాల్ ఒక భాషగా మారింది. ఒక్క రింగు వస్తే బస్సు ఎక్కానని, రెండు వస్తే తిరిగి చెయ్యమని. పైసా ఖర్చు లేని ఆ తంతి భాషని మనవాళ్ళు ఎవరూ నేర్పకుండానే తయారుచేసుకున్నారు.

పోస్ట్‌పెయిడ్‌ని సామాన్యుడికి పంచాలన్న ప్రయత్నం జరగకపోలేదు. 2003లో రిలయన్స్ ‘మాన్సూన్ హంగామా’ పేరిట 501 రూపాయలు కడితే చేతిలో ఫోను పెట్టింది, మిగతాది నెలనెలా బిల్లులో. జనం ఎగబడ్డారు, ఆ తరువాత చాలామంది బిల్లులు ఎగ్గొట్టారు, వసూళ్ళకు కంపెనీ నానా తంటాలు పడింది. ఇందులో మోసమెంతో, బిల్లు చూసి కళ్ళు తిరగడం ఎంతో ఎవరూ తేల్చలేరు గానీ, కంపెనీలన్నిటికీ ఒకటి అర్థమైంది: ఈ దేశంలో వ్యాపారం అప్పు మీద నడవదు. ఇవాళ నూటికి తొంభై మందికి పైగా ప్రీపెయిడ్‌లో ఉన్నారు. 2009లో టాటా డొకొమో సెకనుకు పైసా అని మొదలుపెట్టడంతో మిగతావాళ్ళూ దిగిరాక తప్పలేదు. మూడు సెకన్ల మాటకు మూడు పైసలు పోయే రోజులు కొన్నాళ్ళు నిజంగానే నడిచాయి. కొనేవాడి చేతిలో బేరం ఉన్న కాలం ఏదైనా ఉందంటే అదే.

ఆ బేరానికి చట్టం కూడా తోడైంది. నంబరు మారకుండా కంపెనీ మారే పోర్టింగ్ 2010 నవంబరు 25న హర్యానాలో మొదలై, 2011 జనవరి 20 నుంచి దేశమంతా అమలైంది. 2015 జూలై నుంచి ఏ సర్కిల్ నుంచి ఏ సర్కిల్‌కైనా నంబరు పట్టుకుపోవచ్చు. పని ఇప్పటికీ తేలికే. పోర్ట్ అని రాసి, ఖాళీ వదిలి, మన నంబరు వేసి 1900కి మెసేజ్ పంపితే ఒక కోడ్ వస్తుంది. అది పట్టుకుని, ఆధార్‌తో కొత్త కంపెనీ కొట్టుకి వెళితే సర్కిల్ లోపలైతే మూడు పనిదినాల్లో మార్పు జరిగిపోవాలి. చూసుకోవాల్సినవి లేకపోలేదు: ఉన్న కంపెనీలో 90 రోజులైనా గడిచి ఉండాలి, ప్రీపెయిడ్‌లో మిగిలిన బ్యాలెన్స్ పోయినట్టే, పోస్ట్‌పెయిడ్‌లో వచ్చిన బిల్లు బాకీ ఉంటే కోడే రాదు. అప్పు లేనివాడికే గడప దాటడం సులువు. ప్రీపెయిడ్‌తో వచ్చిన స్వేచ్ఛలో ఇదీ ఒక భాగం.

ఇక్కడి నుంచే కథ అడ్డం తిరిగింది. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చి మాటని ఉచితం చేసి డేటాని అమ్మింది. మరుసటి ఏడాది అక్టోబరులో కంపెనీల మధ్య చెల్లింపు 14 పైసల నుంచి 6కి పడింది, 2021 జనవరి 1న సున్నా అయింది. అంతవరకూ నాలుగు పైసలు తెచ్చిన ఇన్‌కమింగ్ మనిషి ఆ రోజు నుంచి కంపెనీ పుస్తకంలో వట్టి ఖర్చు. 6 పైసలకు పడ్డ ఏడాదికే, 2018 చివర్లోనే ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా నెలసరి కనీస రీఛార్జి పెట్టాయి: 28 రోజులకు 35 రూపాయలు, లేకపోతే ముందు అవుట్‌గోయింగ్, ఆ తరువాత ఇన్‌కమింగ్ బంద్. లైఫ్‌టైమ్ కొన్నవాళ్ళు నోరెళ్ళబెట్టారు. ఎయిర్‌టెల్‌లో ఆ కనీసం 2021 జూలైలో 79, నవంబరులో 99, 2023లో 155, 2024 జూలైలో 199కి చేరింది. ఈ మెట్లన్నీ వరసన చూస్తే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. 2003లో ఎత్తేసిన ఇన్‌కమింగ్ ఛార్జీ మళ్ళీ వచ్చింది, నిమిషాల లెక్కన కాకుండా నెల లెక్కన. ప్రీపెయిడ్ ఇప్పుడు నెలసరి అద్దె. బిల్లు రాదంతే, ముందే కట్టేస్తాం.

ఆ ‘నెల’ కూడా నెల కాదు. 28 రోజుల చొప్పున ఏడాదికి పదమూడు సార్లు కట్టాలి. 199 లెక్కన పదమూడు సార్లకు 2,587 రూపాయలు; పన్నెండు నెలలైతే 2,388తో సరిపోయేది. జనం గోల పెట్టగా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022 జనవరిలో 30 రోజుల ప్యాకు ఒకటీ, ప్రతి నెలా అదే తేదీకి రీఛార్జి చేసుకునే ప్యాకు ఒకటీ తప్పక ఉంచమంది. ఉంచారు, కానీ గోడ మీద పెద్దక్షరాల్లో కనిపించేది ఇప్పటికీ 28 రోజులదే. పాత పది రూపాయల టాపప్ ఇంకా బతికే ఉంది. పన్నూ రుసుమూ పోగా 7 రూపాయల 47 పైసలు పడతాయి. వ్యాలిడిటీ లేని సిమ్‌లో ఆ డబ్బు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఇందుకు గట్టి ఎదురు వాదన ఉంది. 2016కి ముందు ఒక జీబీ డేటాకు రెండొందల యాభై దాకా పోసేవాళ్ళం, ఇప్పుడు అంతకన్నా కాస్త ఎక్కువ పెడితే రోజూ జీబీకి పైగా వస్తోంది, మాటలకు హద్దే లేదు, ఇది దోపిడీ ఎలా అవుతుంది అని. నిజమే, ఫోనులో సినిమా చూసే కుర్రాడికి ఇంత చవక కాలం ఎన్నడూ లేదు. కానీ వాడి లాభాన్ని వాళ్ళ నాయనమ్మ ఖర్చుతో కలిపి సగటు తీయడం న్యాయం కాదు. ఆమెకు కావలసింది వలస వెళ్ళిన కొడుకు చేస్తే ఎత్తడం, పింఛనుకో బ్యాంకుకో సంబంధించిన ఓటీపీ రావడం. రెండిటికీ ఆమె పైసా వాడదు, అయినా 28 రోజులకోసారి కట్టాలి. టవర్ల ఖర్చు, స్పెక్ట్రం అప్పులు ఎవరు భరిస్తారని కంపెనీలు అడగడంలోనూ తప్పు లేదు. అయితే నంబరుని బతికించే ధర, వాడకం ధర విడివిడిగా పెట్టొచ్చు కదా. అది సాధ్యమేనని కంపెనీలే చూపించాయి. 2024 డిసెంబరులో మాటలకూ మెసేజ్‌లకూ మాత్రమే పనికొచ్చే ప్యాకులు పెట్టి తీరాలని ట్రాయ్ ఆదేశించాక ఎయిర్‌టెల్ 365 రోజులకు 1,849 రూపాయల ప్యాకు తెచ్చింది. నెలకు 154 పడుతుంది, కానీ ఏడాది డబ్బు ఒక్కసారే తియ్యాలి. పది రూపాయల టాపప్ పుట్టిందే అంత డబ్బు ఒక్కసారి తియ్యలేని వాళ్ళ కోసం.

అలాంటప్పుడు పోస్ట్‌పెయిడ్‌కే పోతే? నెల అంటే నెలే, వ్యాలిడిటీ అయిపోయి ఓటీపీ రాని గొడవ ఉండదు, ఇంటిల్లిపాదికీ ఒకే బిల్లు, 2021 సెప్టెంబరు నుంచి మారడానికి కొత్తగా కాగితాల పనీ అక్కర్లేదు. కానీ ధర చూడండి. 2024 జూలై పెంపు తరువాత ఎయిర్‌టెల్ పోస్ట్‌పెయిడ్ మొదలయ్యేదే 449 దగ్గర. ప్రీపెయిడ్ రేటులో కలిసిపోయే 18 శాతం పన్ను ఇక్కడ వేరుగా పడి దాదాపు 530 అవుతుంది. కుటుంబంలో నలుగురూ డేటా బాగా వాడితే, నెలజీతం ఉంటే అది సరసమైన బేరమే. తక్కినవాళ్ళు ప్రీపెయిడ్‌లో ఉండి, ఏడాది ప్యాకు కొనగలిగితే కొనడం, లేకపోతే కంపెనీ మారడం తప్ప చేయగలిగింది లేదు.

ఆ మారడంలోనూ చిక్కుంది. పది, పన్నెండేళ్ళ కిందట మన సర్కిల్లో ఎయిర్‌టెల్, ఐడియా, వొడాఫోన్, రిలయన్స్, టాటా, ఎయిర్‌సెల్, యూనినార్, బీఎస్ఎన్ఎల్ ఉండేవి, ఇప్పుడు నలుగురు. ఎయిర్‌టెల్, జియో, వొడాఫోన్ ఐడియా 2024లో రోజుల తేడాతో రేట్లు పెంచాయి. పెంచని బీఎస్ఎన్ఎల్ వైపు లక్షల నంబర్లు పోర్ట్ అయ్యాయి, సిగ్నలు అందక కొన్ని తిరిగొచ్చాయి. కొండ దారిలో అసలు సమస్య అదే. మైదానంలో రెండు మూడు కంపెనీల సిగ్నలు దొరికినా, కొండ ఎక్కాక చాలాచోట్ల ఉండేది ఒకే టవరు. అది ఎవరిదైతే సిమ్ కూడా వాళ్ళదే కావాలి. 2021లో కేంద్రం సిగ్నలు లేని 7,287 పల్లెల కోసం 6,466 కోట్లు మంజూరు చేసినప్పుడు విశాఖ జిల్లా కూడా ఆ జాబితాలో ఉంది. టవర్లు కొన్ని లేచాయి. వాటికన్నా ముఖ్యమైనది 2025 జనవరిలో మొదలైన ఏర్పాటు అని నా ఉద్దేశం. ప్రభుత్వ నిధితో కట్టిన టవరు దగ్గర బీఎస్ఎన్ఎల్, జియో, ఎయిర్‌టెల్ మూడింటిలో ఏ సిమ్ ఉన్నా సిగ్నలు అందాలన్నది దాని నియమం. కొండల్లో నిలబెట్టిన అలాంటి ప్రతి టవరు దగ్గరా అది అమలైతే, 1900కి పంపే మెసేజ్ నర్సీపట్నంలో ఎంత పనికొస్తుందో కృష్ణదేవిపేట పైనున్న గూడేల్లోనూ అంతే పనికొస్తుంది.