అడ్డపొగ, అంగిలి, అతుకు

ఉత్తరాంధ్ర తీరగ్రామాల్లోనూ అరకు, పాడేరు మన్యంలోనూ పొగాకు చుట్టను వెలిగించిన కొన నోటి లోపల ఉండేలా పెట్టుకుని కాల్చే ఆచారం తరతరాలుగా ఉంది. అడ్డపొగ అని పిలిచే ఈ అలవాటు మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో ఎక్కువ. నిప్పు నోట్లో దాగి ఉంటే గాలికీ వానకీ ఆరిపోదని, చుట్ట ఎక్కువసేపు వస్తుందని, రెండు చేతులూ పనికి దొరుకుతాయని కాల్చేవాళ్లు చెబుతారు. పెదవులు బిగించి పట్టినప్పుడు బయటి గాలి చుట్ట గుండా లోపలికి వచ్చి నిప్పును రాజేస్తుంది. ఆ సెగా పొగా నేరుగా తగిలేది అంగిలికే. అందుకే ముందుగా అంగిలి పాలిపోతుంది, దాని మీది లాలాజల గ్రంథుల రంధ్రాలు ఎర్రటి చుక్కల్లా తేలతాయి, కొన్నిచోట్ల తెల్లటి మందపు పొరలు, మరికొన్నిచోట్ల ఎర్రటి పలుచటి మచ్చలు ఏర్పడతాయి, చివరకు కొందరిలో మానని పుండు పడుతుంది. మామూలుగా చుట్ట కాల్చేవారి అంగిలి మీది తెలుపు సాధారణంగా క్యాన్సర్‌గా మారదు. అడ్డపొగలో ఆ భరోసా లేదు.

ఈ సంబంధాన్ని ముందుగా పట్టుకున్నవాళ్లలో తెలుగునేల వైద్యులున్నారు. కోస్తా ఆంధ్రలో అంగిలి క్యాన్సర్‌కు అడ్డపొగే కారణమని రెడ్డి, రావు అనే ఇద్దరు వైద్యులు 1957లోనే రాశారు. ఆ తర్వాత డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, బొంబాయికి చెందిన మెహతా తదితరులు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెవాసుల నోళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రకటించారు. వారిలో నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవారే. దేశంలో మిగిలినచోట్ల నోటి క్యాన్సర్ అంటే ఎక్కువగా బుగ్గ, చిగురు, నాలుక అయితే, ఇక్కడ అది అంగిలి కావడం ఒక వింతగా మిగిలిపోలేదు. శస్త్రచికిత్స దారినే మార్చేసింది.

గట్టి అంగిలి నోటికీ ముక్కుకీ మధ్య ఉన్న పలుచటి ఎముక గోడ. కణితిని చుట్టూ కొంత ఆరోగ్యవంతమైన భాగంతో కలిపి తీసేస్తే ఆ గోడకు రంధ్రం పడి, తాగిన గంజి ముక్కులోంచి కారుతుంది, మాట ముక్కుతో పలుకుతుంది. ఆ రంధ్రాన్ని బిళ్లతో మూయడం పాత ఉపాయం. పదహారో శతాబ్దంలోనే ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రువాజ్ పారే దాన్ని వర్ణించాడు. ఆబ్ట్యురేటర్ అనే ఆ పరికరాన్ని నేటికీ దంతవైద్యులు తయారుచేస్తారు. అది చౌక, తీసి చూస్తే జబ్బు తిరగబెట్టిందో లేదో తెలుస్తుంది. కానీ దాన్ని పట్టి ఉంచడానికి గట్టి పళ్లు కావాలి, రోజూ కడగాలి, గాయం కుంచించుకునే కొద్దీ మళ్లీ మళ్లీ సరిచేయించుకోవాలి. కొండ దిగి విశాఖ చేరడమే ఒక రోజు పనైన మనిషికి ఈ చివరి షరతు చిన్నది కాదు.

శరీరంలోని కండనే అతికించడం మరో దారి. రక్తం అందించే నాళాన్ని తెంచకుండా, లేదా తెంచి మరోచోట కలిపి, చర్మాన్నో కండరాన్నో ఎముకనో తరలిస్తే దాన్ని ఫ్లాప్ అంటారు. చర్మం ఇలా తరలించే విద్య సుశ్రుత సంహితలోనే ఉంది. నుదుటి చర్మంతో ముక్కు కట్టిన మహారాష్ట్ర పద్ధతి 1794లో లండన్ పత్రికకెక్కి యూరప్ వైద్యులను కదిలించింది. నోటి క్యాన్సర్‌కు ఈ విద్య బలంగా చేరింది ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలోనే: 1963లో గ్లాస్గోకు చెందిన మెక్‌గ్రెగర్ నుదుటి చర్మాన్ని, 1965లో అమెరికాలో బకాంజియన్ భుజం, ఛాతీ పైభాగపు చర్మాన్ని నోటిలోకి తెచ్చారు. 1979లో అరియన్ ఛాతీ కండరాన్ని చర్మంతో సహా మెడ మీదుగా మలిచి చూపాక భారతదేశపు ఆసుపత్రుల్లో అదే ప్రధాన ఆధారమైంది. సూక్ష్మదర్శిని అక్కర్లేదు, వేగంగా అయిపోతుంది, నమ్మదగినది. అయితే బుగ్గకూ కింది దవడకూ చక్కగా అందే ఆ కండరం అంగిలి దాకా అందడం కష్టం, అందినా దాని బరువే దాన్ని కిందికి లాగుతుంది. దేశం అంతటికీ అక్కరకొచ్చిన పద్ధతి అడ్డపొగ బాధితులకు అంతగా అక్కరకు రాకపోవడం ఈ చరిత్రలో గుర్తుంచుకోవలసిన విషయం.

అంగిలికి పనికొచ్చేవి వేరు. చిన్న రంధ్రమైతే మిగిలిన అంగిలి పొరనే తిప్పి మూస్తారు; కొంచెం పెద్దదైతే కణత కండరాన్ని లోపలికి దించుతారు. ఇంకా పెద్దదైతే చైనాకు చెందిన యాంగ్ గ్వోఫాన్ బృందం 1981లో ప్రకటించిన ముంజేతి ఫ్లాప్ మేలు: దాని చర్మం పలుచన, నాళం పొడవు, అందుచేత మెడలోని రక్తనాళాల దాకా అందుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల నాళాలను సూక్ష్మదర్శిని కింద వెంట్రుకకన్నా సన్నటి దారంతో కుట్టి, తర్వాత కొన్ని రోజులు ఆ అతుకు రంగు, వెచ్చదనం గంట గంటకూ చూడాలి. పై దవడ ఎముక పోతే కాలి పిక్కలోని సన్నటి ఎముకను వాడతారు.

ఈ నైపుణ్యం మన్యంలో లేదు, మైదానంలోని పెద్ద ఆసుపత్రుల్లో ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదలకు శస్త్రచికిత్స ఖర్చు భారాన్ని తగ్గించింది గానీ, పుండు చిన్నదిగా ఉండగానే గుర్తించే పనిని ఏ పథకమూ తనంతట తాను చేయలేదు. గ్రామంలోని ఆశా కార్యకర్తలూ నర్సులూ నోరు పరీక్షించేటప్పుడు నాలుక, బుగ్గలతో ఆపకుండా, తల వెనక్కి వాల్చి దీపం వెలుతురులో అంగిలినీ చూడాలి.