కాళ్ళ కింద వేడిగాలి: ఫర్నేస్ ఎపిసోడ్‌లో పట్టని సంగతులు

ఈ వారం ఎపిసోడ్‌లో అమెరికా ఇళ్ళలో ఉండే ఫర్నేస్ కథ చెప్పుకున్నాం. బొగ్గు, గ్యాసు, థర్మోస్టాట్ దాకా వచ్చేసరికి టైం అయిపోయింది. తర్వాత వచ్చిన మెసేజ్‌లు చూస్తే మీలో ఎక్కువమంది అడిగింది ఫర్నేస్ గురించి కాదు, నేల మీద ఉండే ఆ చిల్లుల పలక గురించి. "వెంటు సరిగ్గా సోఫా కింద పడింది, ఏం చెయ్యాలి?" "వేడంతా కర్టెన్ వెనక్కే పోతోంది." "అసలు కిటికీ కిందే ఎందుకు పెడతారండీ, చలి వచ్చే చోటే వేడి పోయడమేంటి?" ఈ చివరి ప్రశ్న నాకు బాగా నచ్చింది. దానికి జవాబు కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ముందు పేరు సంగతి. మనం వెంటు అంటాం గానీ, తెరిచి మూసే రెక్కలున్న పలకని ఇక్కడి పనివాళ్ళు రిజిస్టర్ అంటారు. మనకి రిజిస్టర్ అంటే బళ్ళో హాజరుపట్టీ, లేకపోతే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు. ఇక్కడ అర్థం అది కాదు. పాత కొలిముల్లో గాలి ఎంత లోపలికి రావాలో సర్దే జారుడు పలకని ఇంగ్లీషులో రిజిస్టర్ అనేవారు. కొలిమి పోయింది, పేరు మిగిలింది. రెక్కలు లేని ఉత్త జాలీ అయితే దాన్ని గ్రిల్ అంటారు.

నేల కింద వేడిగాలి అనగానే అందరూ రోమన్లని తలుచుకుంటారు. వాళ్ళు స్నానశాలల కింద ఇటుక స్తంభాలు కట్టి, నేలని వాటి మీద నిలబెట్టి, మంట పొగని ఆ ఖాళీలోంచి పంపేవారు. కొరియావాళ్ళ ఓండోల్ కూడా ఆ కోవలోదే. కానీ ఆ రెండింటిలో వేడెక్కేది నేల. మన ఇళ్ళలో గదిలోకి వచ్చేది గాలి. ఈ తేడా చిన్నది కాదు. నేల వేడెక్కితే దాని మీద ఎక్కడ కూర్చున్నా ఒకటే. గాలి వస్తే మాత్రం అది ఎటు పోతోందన్నది ప్రశ్న అవుతుంది. ఇక్కడ రాసేదంతా ఆ ప్రశ్న గురించే.

గాలిని ఒక చోట వేడి చేసి గొట్టాల్లో గదులకి పంపడం అన్నది ఇళ్ళ కోసం మొదలవలేదు. ఇంగ్లండులో డెర్బీ దగ్గర నూలు మిల్లులు నడిపిన స్ట్రట్ కుటుంబంలో విలియం స్ట్రట్ అనే ఆయన మిల్లుల కోసం వేడిగాలి పొయ్యి తయారుచేశాడు. అదే పద్ధతిని 1810లో తెరిచిన డెర్బీ ఆసుపత్రిలో పెట్టాడు. ఆయనతో కలిసి పనిచేసిన చార్లెస్ సిల్వెస్టర్ 1819లో దాని గురించి పుస్తకమే రాశాడు. నూలు దారం నుంచి రోగులకి, రోగుల నుంచి డబ్బున్న ఇళ్ళకి, అలా వచ్చింది.

ఇక అమెరికా. 19వ శతాబ్దం రెండో సగంలో ఊళ్ళల్లో కట్టిన ఇళ్ళ బేస్‌మెంట్‌లలో ఒక పెద్ద ఇనుప పొయ్యి ఉండేది. దాని నెత్తి మీంచి నలుదిక్కులా లావుపాటి గొట్టాలు పైకి వెళ్ళేవి. చూడ్డానికి ఎనిమిది చేతుల జంతువులా ఉంటుందని దానికి ఆక్టోపస్ ఫర్నేస్ అని పేరు పడింది. ఫ్యాన్ లేదు, కరెంటు లేదు. వేడిగాలి తేలిక కాబట్టి దానంతట అదే పైకి పోతుంది, చల్లగాలి బరువు కాబట్టి కిందికి దిగుతుంది. అంతే యంత్రం. అందుకే దాన్ని గ్రావిటీ ఫర్నేస్ అన్నారు. ఈ పద్ధతిలో గొట్టం పొడుగైతే గాలి దారిలోనే చల్లారి ఆగిపోతుంది. కాబట్టి గొట్టాలు పొట్టిగా, లావుగా, రిజిస్టర్లు ఇంటి నడిమధ్యలో, లోపలి గోడల దగ్గర పెట్టేవారు. ఆ కాలపు పోత ఇనుము రిజిస్టర్లు ఎంత అందంగా ఉంటాయంటే, తీగలు, పూలు, ముగ్గుల్లాంటి అల్లికలు. ఇప్పటికీ పాత సామాన్ల దుకాణాల్లో దొరుకుతాయి.

మరి వేడి ఎవరికి అందేది? నాకు ఈ కథలో ఆసక్తి అంతా ఇక్కడే. ముందుగది వెచ్చగా ఉండేది, వచ్చినవాళ్ళు కూర్చునేది అక్కడే కాబట్టి. పై అంతస్తుకి చాలా ఇళ్ళలో వేరే గొట్టమే ఉండేది కాదు. కింది గది కప్పుకి కన్నం పెట్టి, పై గది నేలలో ఒక జాలీ బిగించేవారు. కింద మిగిలిన వేడి పైకి వస్తే వచ్చినట్టు. పిల్లలు పొద్దున్నే దుప్పటితో సహా ఆ జాలీ మీద నిలబడి బట్టలు మార్చుకునేవారట. రాత్రిపూట దాని పక్కన పడుకుని కింద పెద్దవాళ్ళు మాట్లాడుకునేవన్నీ వినేవారట. అటకమీద గదిలో ఉండే పనిమనిషికి ఆ మిగులు కూడా అందేది కాదు.

ఇక చాకిరీ. తెల్లవారుజామున ఎవరో ఒకరు కిందికి దిగి బూడిద తోడి, బొగ్గు వెయ్యాలి. రాత్రికి మంట ఆరిపోకుండా బూడిద కప్పి ఉంచాలి. నివురుగప్పిన నిప్పు అని మనం సామెతగా వాడతాం, వీళ్ళకి అది రోజువారీ పని. పొద్దున లేవకపోతే ఇల్లంతా చలి. 1895లో అయోవాలోని మార్షల్‌టౌన్‌లో డేవ్ లెనాక్స్ అనే ఆయన రివెట్లు కొట్టిన ఉక్కు ఫర్నేస్ తయారుచేశాక, పాత పోత ఇనుము వాటిలా అతుకులు వదులై పొగ గదుల్లోకి కారడం తగ్గింది. చాకిరీ మాత్రం తగ్గలేదు.

ఇప్పుడు ఎపిసోడ్‌లో రెండు నిమిషాల్లో ముగించేసిన మనిషి దగ్గరికి వద్దాం. ఆలిస్ హెచ్. పార్కర్. న్యూజెర్సీలో మోరిస్‌టౌన్ వాసి, నల్లజాతి మహిళ. ఎడిసన్‌లో ఉన్న మనవాళ్ళకి అది పెద్ద దూరం కూడా కాదు. 1919 డిసెంబర్ 23న ఆమెకి హీటింగ్ ఫర్నేస్ మీద పేటెంట్ వచ్చింది, నంబరు 1,325,905. బొగ్గుకి బదులు గ్యాసు. ఒక్క పెద్ద మంటకి బదులు వేర్వేరుగా అదుపు చేసుకోగలిగే చిన్న బర్నర్లు. వాటి నుంచి వేర్వేరు గదులకి వేర్వేరు గొట్టాలు. ఏ గదికి వేడి కావాలో ఆ గదికి పంపొచ్చు. ఈ రోజు జోనింగ్ అని వేల డాలర్లు తీసుకుని పెట్టేదాని వెనక ఉన్న ఆలోచన ఇదే. ఆమె గీసిన యంత్రం అదే రూపంలో ఇళ్ళలోకి రాలేదు. ఆమె గురించి మనకి దొరికే వివరాలు చాలా తక్కువ. నెట్‌లో ఆమెదని తిరిగే ఫోటో కూడా ఆమెది కాదు, దయచేసి ఫార్వర్డ్ చెయ్యకండి. ఆ పేటెంట్ కాగితం మాత్రం చదవండి, ఎవరైనా చూడొచ్చు. గదుల మధ్య వేడిని ఎలా పంచాలన్న ప్రశ్నని అంత సూటిగా పట్టుకున్నారావిడ.

ఆమె అర్జీ పెట్టిన 1918లోనే ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఆర్థర్ విలర్డ్ బృందం వేడిగాలి ఫర్నేస్‌ల మీద పరిశోధన మొదలుపెట్టింది. డబ్బు పెట్టింది ఫర్నేస్ తయారీదారుల సంఘం. 1924లో అర్బానాలో అచ్చంగా పరిశోధన కోసమే ఒక మామూలు ఇల్లు కట్టారు. ఏ గదిలో, నేల దగ్గర ఎంత, కప్పు దగ్గర ఎంత అని ఏళ్ళ తరబడి కొలిచారు. తల దగ్గర ఉక్కగా ఉన్నా కాళ్ళ దగ్గర చలెందుకు వేస్తుందో అప్పటిదాకా అందరికీ అనుభవమే, ఇప్పుడు లెక్క వచ్చింది. విలర్డ్ తర్వాత ఆ విశ్వవిద్యాలయానికే అధ్యక్షుడయ్యాడు.

1930లలో కరెంటు బ్లోయర్ వచ్చాక గాలి దానంతట అది పైకి పోయేదాకా ఆగక్కర్లేకపోయింది, తోసేయొచ్చు. గొట్టాలు సన్నబడ్డాయి, ఎంత దూరమైనా వెళ్ళగలిగాయి. అప్పుడే రిజిస్టర్ ఇంటి మధ్య నుంచి అంచుకి, కిటికీ కిందికి జరిగింది. కారణం ఇదండీ. ఆ రోజుల్లో కిటికీకి ఒకటే అద్దం. చలికాలంలో అద్దాన్ని తాకిన గాలి చల్లబడి, బరువెక్కి, జలపాతంలా కిందికి జారి, నేల మీద పాకి మీ పాదాల దగ్గరికి వస్తుంది. తలుపులు కిటికీలు అన్నీ వేసినా ఎక్కడినుంచో గాలి కొడుతోందే అనిపించేది దానివల్లే. ఆ జారే చోట సరిగ్గా కింద నుంచి వేడిగాలిని పైకి కొడితే రెండూ అక్కడే కలిసిపోతాయి, చల్లగాలి నేలకి దిగదు. అంటే వేడిని వృథాగా కిటికీకి పోస్తున్నట్టు కనిపించేది నిజానికి కాపలా. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కట్టిన లక్షల ఇళ్ళలో ఇదే పద్ధతి స్థిరపడింది. ఆ ఇళ్ళకి గ్యాసు కూడా అప్పుడే విరివిగా వచ్చింది. యుద్ధకాలంలో టెక్సాస్ నుంచి తూర్పుకి చమురు కోసం వేసిన రెండు పెద్ద పైపులైన్లని 1947లో అమ్మేసి గ్యాసుకి మార్చారు.

తర్వాత రెండు అద్దాల కిటికీలు వచ్చాయి. జలపాతం సన్నబడింది. కాపలావాడు మాత్రం అక్కడే ఉండిపోయాడు. ఇంతలో మనం వచ్చాం.

మనం హాల్ సర్దేది ఎలా? సోఫాలన్నీ గోడలకి ఆనించి, మధ్యలో ఖాళీ వదిలి. పదిమంది వచ్చినా, సత్యనారాయణ వ్రతం చేసుకున్నా, పిల్లలు డాన్స్ చేసినా ఆ మధ్య స్థలం కావాలి. వెంట్లేమో ఆ గోడల కిందే. పైగా కర్టెన్లు నేలదాకా. దాంతో వేడిగాలి కర్టెన్‌కీ అద్దానికీ మధ్య ఇరుక్కుని అక్కడే తిరుగుతుంది, లేకపోతే సోఫా అడుగుని వెచ్చబెడుతుంది.

దీనికి మందు హార్డ్‌వేర్ షాపులో దొరికే వంపు తిరిగిన ప్లాస్టిక్ ముక్క. డిఫ్లెక్టర్ అంటారు. కింద అయస్కాంతాలుంటాయి, ఇనుప రిజిస్టర్ మీద అతుక్కుంటుంది. గాలిని పైకి కాకుండా గదిలోకి తిప్పుతుంది. సోఫా కిందైతే ఇంకో రకం ఉంది, బల్లపరుపు గొట్టంలా సోఫా అడుగునుంచి ముందుకి సాగుతుంది. కొనేముందు రిజిస్టర్ కొలుచుకోండి, 4 అంగుళాలకి 10 గానీ 12 గానీ ఎక్కువ. అల్యూమినియం, చెక్క పలకలకి అయస్కాంతం పట్టదు, అంటించుకునే పట్టీ కావాలి. ఇంకో మాట, వేసవిలో దాన్ని తీసెయ్యండి. అవే వెంట్లలోంచి ఏసీ చల్లగాలి వస్తుంది, అది బరువు కాబట్టి పైకి కొట్టాలి. గదిలోకి తిప్పితే నేల మీదే పరుచుకుని చీలమండలు గడ్డకడతాయి, తల దగ్గర ఉక్కపోత పోదు.

మా అమ్మ మొదటిసారి జనవరిలో వచ్చినప్పుడు గెస్ట్ రూమ్‌లో పడుకుంది. గరాజ్ మీది గది. హాల్లో థర్మోస్టాట్ 70 చూపిస్తోంది, ఆ గదిలో పెట్టిన థర్మామీటర్ 61. అడిగితే "అలవాటైపోతుందిలే, పడుకోండి" అనేది. స్వెట్టరు మీద శాలువా, దాని మీద రెండు రగ్గులు. వెంటు మంచం కింద గోడవైపు ఉంది. డిఫ్లెక్టర్ పెట్టి గాలిని మంచం అడుగునుంచి ఇవతలికి తిప్పాక 66కి వచ్చింది. అప్పుడు అమ్మ ఒక మాట అంది: "ఇంత పెద్ద మిషను పెట్టుకుని, ఒక్క హాల్లో గోడనే అడుగుతారేంట్రా చలేస్తోందా అని? కుంపటైతే మంచం పక్కకి జరుపుకునేవాళ్ళం." నూరేళ్ళ కిందట మోరిస్‌టౌన్‌లో పార్కర్ గీసిన బొమ్మ నాకు అప్పుడే బాగా అర్థమైంది. మన ఇళ్ళలో ఇప్పటికీ చాలావరకు ఒకే థర్మోస్టాట్, అదీ నడవాలో, ఎవరూ పడుకోని చోట.

"వాడని గదుల వెంట్లు మూసేస్తే బిల్లు తగ్గుతుందా" అని ముగ్గురు అడిగారు. 2003లో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల దీన్నే పరిశీలించింది. వెంట్లు మూసినకొద్దీ గొట్టాల్లో ఒత్తిడి పెరిగి, అతుకుల్లోంచి బయటికి కారే గాలి ఎక్కువవుతుంది, ఆదా అనుకున్నది అక్కడే పోతుంది. ఒకటో అరో సగం మూస్తే ప్రమాదమేమీ లేదు గానీ, సగం ఇల్లు మూసేసి లాభపడదామనుకోకండి. కారే అతుకులకి మాస్టిక్ పూయించడం మేలు.

హీట్ పంప్‌కి మారినవాళ్ళకి ఇంకో సంగతి. గ్యాస్ ఫర్నేస్ గాలి సాధారణంగా 120 డిగ్రీలు దాటి వస్తుంది. హీట్ పంప్‌ది 90లలోనే ఉంటుంది. మన ఒంటి చర్మం కూడా సుమారు అంతే కాబట్టి, ఆ గాలి నేరుగా మీద తగిలితే చల్లగా ఉన్నట్టు అనిపిస్తుంది, మిషను పాడైందని కంగారు పడతారు. అలాంటి ఇళ్ళలో డిఫ్లెక్టర్‌ని మంచం మీదికీ, కూర్చునే కుర్చీ మీదికీ కాకుండా ఖాళీ నేల మీదికి తిప్పండి.

దోసెల పిండి వెంటు పక్కన పెడితే పులుస్తుందా అని అడిగినవాళ్ళకి: పులుస్తుంది, బ్రహ్మాండంగా. పక్కన పెట్టండి, మీద వద్దు. పొంగి డక్ట్‌లోకి దిగితే వారం పాటు ఇల్లంతా పుల్లటి వాసన.

మీ ఇంట్లో ఎవరికైనా పాత పోత ఇనుము రిజిస్టర్ ఉంటే ఫోటో పంపండి. ఒహాయో నుంచి ఒకాయన పంపినదాని మీద అచ్చంగా మన మెలికల ముగ్గులాంటి అల్లిక ఉంది. వచ్చే ఎపిసోడ్ పేజీలో పెడతాను.