బేస్తవారం వెనకాల

పామిడి పల్లెల్లో పెద్దవాళ్లకు గురువారం లేదు, బేస్తవారమే. బృహస్పతివారం నాలుకల మీద నలిగి అలా మిగిలింది: ఋత్వం ఏత్వమైంది, హకారం ఎగిరిపోయింది, పతిగారికి తకారం ఒక్కటే దక్కింది. కన్నడంలోనూ బేస్తవారే. చేపలు పట్టే బెస్తలతో దీనికి చుట్టరికం లేదు. అక్కడ ఎకారం హ్రస్వం.

అసలు బృహస్పతి ఎవరు? పాణినీయులు 'బృహత్' పక్కన 'పతి'ని పెట్టి, తకారం తీసి సకారం చేర్చారు. అదే సూత్రంతో 'తస్కర' శబ్దాన్నీ సాధించారు. దొంగనూ దేవగురువునూ ఒకే పీట మీద కూర్చోబెట్టడం వ్యాకరణానికే చెల్లింది! ఆధునికుల్లో చాలామంది మాత్రం మొదటి ముక్కను 'బృహ్' అనే నామానికి షష్ఠి అంటారు: మంత్రోచ్చారణకు అధిపతి. నాకిదే రుచిస్తుంది. ఋగ్వేదంలో ఆయన వలుడనే అసురుడి గుహను పగలగొట్టి ఆవులను విడిపించింది రవంతోనే కదా.

ఆ రవం 1955లో మళ్లీ వినబడింది. అమెరికాలోని మేరీలాండ్‌లో శాస్త్రజ్ఞులు బర్క్, ఫ్రాంక్లిన్ 22.2 మెగాహెర్ట్జ్ దగ్గర ఆకాశాన్ని వింటుంటే ఏదో గోల పట్టుబడింది. ఇక్కడిదే అనుకున్నారు, తీరా చూస్తే గురుగ్రహంతో పాటు జరుగుతోంది. ఆ గ్రహపు అయస్కాంత రేఖల వెంట గిరికీలు కొట్టే ఎలక్ట్రాన్లు పుట్టించే ఘోష అది. ఉపగ్రహం అయో ఉన్న చోటును బట్టి అది హెచ్చుతుందని 1964లో బిగ్ అనే శాస్త్రజ్ఞుడు పట్టుకున్నాడు. గ్రహం తనచుట్టూ తిరిగే కాలం సుమారు 9 గంటల 55 నిమిషాల 30 సెకన్లని కచ్చితంగా తేల్చిందీ ఈ రేడియో ఘోషే.

మన పెన్న పామిడికి రాకముందు కర్ణాటకలోని గౌరిబిదనూరు మీదుగా వస్తుంది. అక్కడ 1970లలో వెయ్యి డైపోల్ యాంటెన్నాలతో, 'టీ' ఆకారంలో, 34.5 మెగాహెర్ట్జ్ రేడియో టెలిస్కోపు నిలిపారు. గురుడి గొంతు సుమారు 39.5 దాకా పలుకుతుంది. అంటే ఆ 34.5 ఆయన స్థాయిలోనిదే.

ఇక 'గురు'. గ్రీకు బరుస్, లాటిన్ గ్రావిస్ దీని తోబుట్టువులు. అన్నింటికీ బరువనే అర్థం. దేవతల ఒజ్జ కాబట్టి గ్రహానికి ఆ పేరు వచ్చింది గానీ, తూకంలోనూ అది తగింది: మిగతా గ్రహాలన్నీ కలిపినా దాని బరువులో సగానికి రావు.

గురుగ్రహపు రేడియో ఘోషను శాస్త్రజ్ఞులు రెండుగా విడదీశారు. సెకన్ల పాటు సాగేవి 'ఎల్', అంటే లాంగ్. మిల్లీసెకన్లలో పేలాల్లా చిటపటలాడేవి 'ఎస్', అంటే షార్ట్. ఛందస్సు చదివినవాడికి ఇవి గురులఘువులే. కాకపోతే 'ఎల్'ను చూసి లఘువనుకుంటే గణాలు తప్పుతాయి.