ఒకే చోటు, రెండు విలువలు

సి భాషలో ఒక గ్లోబల్ యూనియన్. అందులో నాలుగు బైట్ల ఇంట్ ఒకటి, ఒక్క బైటు క్యార్ ఒకటి. రెండూ మెమరీలో ఒకే చోట మొదలవుతాయి. ఇంట్‌లో 1000 వేసి, తర్వాతి లైన్లో క్యార్‌లో 5 వేసి, ఇంట్‌ను ప్రింట్ చేయిస్తే మామూలు పీసీలో 773 వస్తుంది. 1000 అంటే 3×256+232 కదా; 232 ఉన్న కింది బైటులోకి 5 వచ్చింది, అంతే. అవే రెండు విలువలను డిక్లరేషన్‌లోనే, మెంబర్ల పేర్లతో అదే వరుసలో ఇస్తే జీసీసీ కంపైలర్ 5 చూపిస్తుంది. 1000 జాడే ఉండదు!

పెందుర్తిలో బీటెక్ చదివే మా మేనకోడలు ల్యాప్‌టాప్‌లో ఇది చూపించినప్పటి నుంచి దీని వెంటే పడ్డాను.

1999 నాటి సి ప్రమాణం ప్రకారం ఒకే చోటికి రెండు తొలి విలువలు ఇస్తే వెనక వచ్చిందే నిలుస్తుంది. ముందుది రద్దు. రద్దయిన చోట ఫంక్షన్ కాల్ ఉన్నా దాన్ని నడపనక్కర్లేదు. జీసీసీ నడపదు, ఒక హెచ్చరిక ఇచ్చి ఊరుకుంటుంది.

ఒకే మెమరీకి రెండు పేర్లు పెట్టడం సి కంటే పాతది. 1957 నాటి ఫోర్ట్రాన్‌లో ఈక్వివలెన్స్ ఉంది. కోబాల్‌లో రీడిఫైన్స్ ఉంది. అలా రెండోసారి పేరు పెట్టిన చోట తొలి విలువ ఇవ్వకూడదని కోబాల్ నిషేధించింది. ఆల్గాల్ 68 యూనియన్ల ప్రభావం సి మీద ఉందని సి సృష్టికర్త డెనిస్ రిచీయే రాశాడు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది 1975 నాటి యూనిక్స్ ఆరో ఎడిషన్. సుమారు తొమ్మిది వేల లైన్ల ఆ కెర్నల్‌ను ఆస్ట్రేలియాలో జాన్ లయన్స్ పాఠంగా చెప్పాడు. ఆయన వ్యాఖ్యానం ఫొటోకాపీల మీద ఫొటోకాపీలుగా చేతులు మారింది. ఆ కెర్నల్‌లో పేరు లేని స్ట్రక్చర్లు కనిపిస్తాయి. లోబైట్, హైబైట్ అని రెండు మెంబర్లు, అంతే. ఆ రోజుల్లో ఏ మెంబర్ పేరునైనా ఏ వేరియబుల్‌కైనా తగిలించవచ్చు. కంపైలర్ అడ్డు చెప్పేది కాదు. డివైస్ నంబర్ మామూలు ఇంట్. దానికే చుక్క పెట్టి కింది బైటును మైనర్‌గా, పై బైటును మేజర్‌గా చదివేవారు. యూనియన్ అన్న మాట వాడకుండానే యూనియన్ పని జరిగిపోయేది. అది నడిచిన పీడీపీ-11 యంత్రంలో ఏ బైటు ఎక్కడుందో రాసేవాడికి కంఠతా వచ్చు. ఆ చనువు పోయింది. దానితో ఎన్నో పొరపాట్లూ పోయాయి, నిజమే. అయినా ఆ కోడ్ చదువుతుంటే యంత్రం కళ్ల ముందు నిలబడుతుంది. ఇప్పటి పాఠ్యపుస్తకాల్లో నాకు దొరకనిది అదే.

1978లో కెర్నిఘన్, రిచీల సి పుస్తకం యూనియన్‌కు తొలి విలువే కుదరదంది. 1989 ప్రమాణం మొదటి మెంబర్‌కు మాత్రం ఒప్పుకుంది. దాంతో ఏ మెంబర్‌ను ముందు రాయాలన్నది పెద్ద ప్రశ్న అయింది.

మన కాలేజీ ల్యాబుల్లో నీలం తెర టర్బో సి మీద మౌస్ ప్రోగ్రాం రాసినవాళ్లకు రెగ్స్ యూనియన్ గుర్తుండే ఉంటుంది. అందులోని ఏఎక్స్ రిజిస్టర్‌లో 1 వేసి, హెక్స్ 33 ఇంటరప్ట్ పిలిస్తే తెర మీద బాణం గుర్తు ప్రత్యక్షం! అదే ఏఎక్స్‌ను ఏహెచ్, ఏఎల్ అని రెండు ముక్కలుగా కూడా ముట్టుకోవచ్చు. యూనియన్ ఎందుకో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నేను చూడలేదు. డాస్‌తో పాటు సిలబస్‌లోంచి అదీ జారిపోవడం నాకు బాధే.

2025లో వచ్చిన జీసీసీ 15 తొలి విలువల విషయంలో ఒక పాత అలవాటు మార్చింది. బ్రాకెట్ల మధ్య ఒక్క సున్నా పెడితే అంతకుముందు యూనియన్ మొత్తం సున్నా అయ్యేది. ఇప్పుడు లోకల్ వేరియబుల్స్‌లో మొదటి మెంబర్‌కే ఆ హామీ. పై యూనియన్‌లో మొదటిది క్యార్ అయితే మిగతా మూడు బైట్లలో పాత చెత్త ఉండిపోవచ్చు. లినక్స్ కెర్నల్ వాళ్లు పాత పద్ధతిని నిలబెట్టే ఆప్షన్‌ను వెంటనే తమ బిల్డ్‌లో చేర్చుకున్నారు. ప్రమాణం అడగకపోయినా కంపైలర్ ఇన్నేళ్లు చేసిపెట్టిన పని అది. దాన్ని నమ్ముకుని రాసిన కోడ్ లోకమంతా ఉంది. నన్నడిగితే, ఆ ఆప్షన్ అడగకుండానే అమల్లో ఉండాల్సింది.